చంద్రకాంతల రంగు

జూన్ 9, ఆదివారం

రోజూ ఏం తిన్నదీ రాసుకు రమ్మన్నాడు డాక్టరు. అందుకని రంగుల కంపెనీవాళ్ళు మా పెయింటు అంగడికి ఇచ్చిన డైరీ తీశాను. జనవరి నుంచీ ఖాళీగా పడి ఉంది. తెలుగులో రాస్తున్నాను. ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కడికే. నా భార్య కోకిల పెరియపాళయంలో అరవ బడికి పోయింది. మా అమ్మాయి అర్చనకు తెలుగు మాటలు వస్తాయి గాని అక్షరాలు రావు. కాబట్టి ఇందులో నిజమే రాయొచ్చు.

పొద్దున ఇడ్లీలు. మధ్యాహ్నం అన్నం, ములక్కాడ సాంబారు. సాయంత్రం ఏమీ లేదు.

నిజం రాయొచ్చన్నాను గనక రాస్తున్నాను. సాయంత్రం అంగడి పక్కన బజ్జీలు తిన్నాను.

పోయిన వారం తిరుత్తణి కొండ మెట్ల మీద కూలబడినందుకు ఇంత రాద్ధాంతం. ఎక్కుతుంటే రొమ్ము మీద సిమెంటు మూట పెట్టినట్టయింది. ఎడమ చెయ్యి లాగింది. కాసేపు కూర్చుంటే సర్దుకుంది. వెంట మా మీనాంబ అక్క ఉంది. "ఎండకు రా, ఏమీ లే. నిమ్మకాయ సోడా తాగు" అనింది. అక్క ఆ ఊళ్ళోనే ఉంటుంది, ఇట్లా మెట్ల మీద కూర్చుండిపోయేవాళ్ళను రోజూ చూస్తుంది. కోకిల మాత్రం ఊరుకోలేదు. తిరువళ్ళూరు రాగానే గుండె డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

జూన్ 10

ఇడ్లీ. చట్నీ లేదు. బతుకు ఇంతే.

జూన్ 13, గురువారం

రక్తం రిపోర్టు వచ్చింది. డాక్టర్ హేమనాథ్ చిన్నవాడు, అరవంలో నెమ్మదిగా మాట్లాడతాడు. రిపోర్టు చూశాక నా కళ్ళు చూశాడు. కంటి కొసన ఉన్న పసుపు మచ్చను వేలితో తాకాడు. చెప్పు విప్పమని మడమ వెనక నరం నొక్కాడు. అక్కడ నాకు ఎప్పటి నుంచో లావుగా, గట్టిగా ఉంటుంది. మా నాయనకూ ఉండేది.

"మీ నాన్న ఎట్లా పోయారు?"

"అంగడిలో కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు సార్. అప్పటికి యాభై కూడా నిండలేదు."

"అమ్మ?"

"ఆమెదీ గుండే."

"వాళ్ళిద్దరూ ముందే చుట్టాలా?"

"మా నాయన మా అమ్మకు సొంత మేనమామ."

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఇది తిండి వల్ల వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చిందన్నాడు. రక్తంలో కొవ్వును శుభ్రం చేసే పని ఒకటుంటుందట. దానికి తల్లి నుంచి ఒక ఆజ్ఞ, తండ్రి నుంచి ఒక ఆజ్ఞ వస్తాయట. నాకు వాటిలో ఒకటి చెడింది, ఒకటి బాగుంది. అందుకని పని సగమే జరుగుతుంది, సగం జబ్బు వస్తుంది. మాత్రలతో అదుపులో పెట్టొచ్చు. రెండూ చెడినవే వస్తే మాత్రం చిన్నతనంలోనే, అని ఆగిపోయాడు.

"మీ ఇంట్లో చిన్నపిల్లలు ఎవరైనా పోయారా?"

"లేదు సార్" అన్నాను.

అబద్ధం కాదది. ధాత్రక్క పోయిందని మా ఇంట్లో ఎవరూ అనరు.

"మీ అమ్మాయికి పరీక్ష చేయించండి. రావడానికి సగానికి సగం అవకాశం ఉంది" అన్నాడు. పెళ్ళి కుదిరిందన్నాను. ఎవరితో అని అడిగాడు. బయటి సంబంధం అన్నాను. ఇది మాత్రం అబద్ధం. అర్చనను చేసుకోబోయేది మీనాంబ అక్క కొడుకు విజయ్. ఆగస్టు నడుమ మొదలయ్యే ఆవణి మాసంలో నిశ్చయ తాంబూలాలు. అది ఇప్పటి మాట కాదు, అర్చన పుట్టినప్పుడే అక్కకు ఇచ్చిన మాట. పైగా వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం.

తిండి వల్ల కాదని డాక్టరే చెప్పిన సంగతి కోకిలకు రెండుసార్లు చెప్పాను. అయినా వడ పెట్టలేదు.

జూన్ 20

ధాత్రక్క ఫోటో తుడిచాను. ప్రతి గురువారం తుడుస్తాను, ఈ రోజు కొంచెం ఎక్కువసేపు తుడిచాను.

మా ముగ్గురిలో పెద్దది ధాత్రి, తర్వాత మీనాంబ, ఆఖరివాణ్ణి నేను. ధాత్రక్కకు మోచేతుల మీద, మోకాళ్ళ మీద, వేళ్ళ సందుల్లో పసుపు కాయలు ఉండేవి. అమ్మవారు తన ఒంటి పసుపు పూసి పంపిందన్నారు. ఈడేరక ముందే, నాకు ఊహ తెలియక ముందే అమ్మవారు మళ్ళీ పిలుచుకుంది. అప్పటి నుంచి మా ఇంటి పేరంటాలు ఆమె. ఆవణికి ముందొచ్చే ఆడి మాసం చివరి శుక్రవారం ఆమె ముందు కొత్త పావడ పెట్టి, ఓళిగల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి పళ్ళెంలోకి కారేట్టు పోస్తాం. ఇంట్లో ఏ పెళ్ళి అయినా మొదటి చీర ఆమెకే. ఫోటో నలుపు తెలుపుది. స్టూడియోవాడు చేత్తో రంగులు వేశాడు. మోచేతుల కాయలకు మాత్రం మా నాయన దగ్గరుండి పసుపు రంగు వేయించాడట. మా నాయనదీ పెయింటు అంగడే కదా, ఏ పసుపో ఆయనకు తెలుసు.

మా వంశంలో పెద్దయ్యాక కంటి కొసన పసుపు మచ్చ వస్తే ధాత్రమ్మ బొట్టు పెట్టిందంటారు. నాకు వచ్చినప్పుడు అక్క టెంకాయ కొట్టించింది.

డాక్టరుకు ఇవన్నీ ఏం తెలుసు.

జూన్ 23

ఈ రోజు అంగడిలో రంగులు కలిపే మిషను దగ్గర నిలబడి ఆలోచించాను. ఎర్ర స్టైనరు, అంటే చిక్కటి రంగు, ఒక చుక్క తెల్ల పెయింటులో వేస్తే రోజా రంగు. దాంట్లో ఇంకో డబ్బా తెలుపు పోస్తే ఇంకా పలచన. అట్లా పోస్తూపోతే ఎరుపు ఉందని ఎవడూ కనిపెట్టలేడు. నాలుగు తరాలుగా చేస్తున్న వ్యాపారం, ఇందులో నన్ను మోసం చేసేవాడు లేడు. మా నాయనది పెద్ద జబ్బు, నాది సగం, అర్చనకు వస్తే పావు. దాని బిడ్డకు వచ్చేసరికి ఏముంటుంది? వాసన ఉంటుంది.

మనసు తేలికపడింది. వడ ఒకటి. రెండు.

జూన్ 30, ఆదివారం

అక్క, విజయ్ వచ్చారు. అక్క తిరుత్తణి నుంచి నేతి డబ్బా మోసుకొచ్చింది. వాకిట్లో మెట్లు నాలుగు ఎక్కి, తలుపు పట్టుకుని నిలబడింది. "వయసు రా" అనింది.

నిశ్చయానికి ఎవరెవరిని పిలవాలో మాట్లాడుకున్నాం. అర్చన, విజయ్ పెరట్లో బట్టలు ఉతికే రాయి మీద కూర్చుని నవ్వుకుంటూ ఉన్నారు. విజయ్‌ది కవరైపేట్టైలో ఫ్యాక్టరీ ఉద్యోగం, అర్చన పట్టాభిరామ్ బడిలో సైన్సు టీచరు. ఎప్పుడో ఒక ఆదివారం కలుస్తారు. కోకిల వాళ్ళను చూసి కళ్ళు తుడుచుకుంది, సంతోషానికే.

భోజనాల దగ్గర అక్క విజయ్ గడ్డం పట్టి మొహం వెలుతురుకు తిప్పింది. "చూడు గుర్నాథం, వీనికి ముప్పై నిండలే, అప్పుడే ధాత్రక్క బొట్టు పెట్టింది. ఎంత అదృష్టం!" అనింది. నిజమే. ఎడమ కంటి కొసన, పెసరగింజంత. విజయ్ నవ్వి మొహం తిప్పుకున్నాడు.

విజయ్ సన్నగా వెదురులా ఉంటాడు. క్రికెట్ ఆడతాడు. వాడికేం ఉంటుంది.

జూలై 7, ఆదివారం

పెరట్లో చంద్రకాంతలు విచ్చుకునే వేళకు అర్చన పక్కన కూర్చున్నాను. కోకిల వేసిన చెట్లవి. ఎరుపు, తెలుపు, రోజా, ఎవరూ వేయకుండానే ఇష్టం వచ్చినట్టు మొలుస్తాయి.

"ఈ రోజా రంగుది ఎట్లా వస్తాది పాపా?" అన్నాను, ఏమీ పట్టనట్టు.

"ఎరుపూ తెలుపూ కలిస్తే వస్తాది. మా పిల్లలకు పోయిన వారమే చెప్పినా."

"అంటే ఎరుపు పలచనైంది."

"కాదు నాయనా. పెయింటు మాదిరి కలిసిపోదు. లోపల ఎరుపుది ఒకటి, తెలుపుది ఒకటి, పక్క పక్కనే ఉండాయి. ఎరుపు ఒకటే ఉంటే పువ్వు మొత్తం ఎర్రగా చేసేదానికి దానికి చేత కాదు. అందుకని మనకు నడిమి రంగు కనిపిస్తాది. విత్తనం కట్టేటప్పుడు రెండూ మళ్ళా విడిపోతాయి."

"రెండు రోజా రంగువి కలిస్తే రోజానే కదా వచ్చేది?"

"సగం అట్లా వస్తాయి. నాలుగింట్లో ఒకటి తెలుపు. నాలుగింట్లో ఒకటి ఎరుపు."

"ఎట్లాంటి ఎరుపు? కొంచెం తక్కువ ఎరుపా?"

"అచ్చం పాత ఎరుపే నాయనా."

అర్చన నా మొహంలోకి చూసింది.

"నీకు పూల మీద ఇంత ప్రేమ ఎప్పటి నుంచి? డాక్టరు ఏమన్నాడు?"

అన్నీ చెప్పాను. ధాత్రక్క సంగతి తప్ప. అది చెప్పాల్సిన పని లేకపోయింది. అర్చన లేచి లోపలికి పోయి, ఫోటో ముందు చేతులు కట్టుకుని నిలబడింది. అక్కడ ఎంతసేపున్నా దండం పెట్టలేదు.

జూలై 10

అర్చన రక్తం ఇచ్చింది.

జూలై 12

ఉంది. పావు కాదు. నాకెంత ఉందో అంత.

జూలై 21, ఆదివారం

కవరైపేట్టైకి పోయాను. ఆడి మాసం, పెరియపాళయంలో వేపాకు కట్టుకున్న జనం. బస్సు కదలలేదు. కిటికీలోంచి చూస్తూ ఆ ఊరి అమ్మవారు భవానమ్మకు మొక్కుకున్నాను, విజయ్ తెల్లపువ్వు కావాలని. నాకే నవ్వొచ్చింది.

ఆదివారం కూడా వాడికి డ్యూటీ. ఫ్యాక్టరీ ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాం. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక పంచదార కలుపుతూ ఉన్నాను.

"అర్చన ఫోన్ చేసింది మామా" అన్నాడు వాడే. "నాకు ముందే తెలుసు."

"ఏంది తెలిసేది?"

"కంపెనీలో ఏడాదికోసారి రక్తం చూస్తారు. పోయినేడు చూసినారు, ఈ ఏడూ చూసినారు. గుండె డాక్టరు దగ్గరికి పో అన్నారు. నేను పోలేదు."

"యాల పోలేదు?"

"జబ్బుంది అంటే నువ్వు పిల్లనియ్యవని."

కొట్టాలనిపించింది. తర్వాత వాడి మొహం చూసి ఏడుపొచ్చింది. నేను చేసింది మాత్రం ఏముంది? డాక్టరు అడిగితే బయటి సంబంధం అన్నాను. ఇద్దరం దొంగలమే, ఎవరి మూట వాళ్ళు దాచుకున్నాం.

"అమ్మకు చెప్పొద్దు మామా. ధాత్రమ్మది జబ్బు అంటే తట్టుకోలేదు. మాకు పిల్లలే వద్దు అనుకుంటాం."

"ఆ మాట మీ అమ్మతో చెప్పు చూద్దాం" అన్నాను.

తిరిగొస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. చెప్పను. నాలుగింట్లో మూడు మంచివే కదా. మూడు పెద్దదా ఒకటి పెద్దదా? వ్యాపారస్తుణ్ణి, ఆ మాత్రం తెలియదా.

జూలై 22

వ్యాపారంలో అయితే ఆ ఒక్క డబ్బా వెనక్కి ఇచ్చేయొచ్చు.

జూలై 25

అర్చనతో డాక్టరు దగ్గరికి పోయాను. ధాత్రక్క ఫోటో ఫోన్‌లో తీసి పట్టుకొచ్చింది. ఆయన దాన్ని పెద్దది చేసి మోచేతులు చూశాడు, వేళ్ళు చూశాడు. "రెండూ చెడినవే వచ్చాయి ఈ పాపకు" అన్నాడు. రంగు చాలా సరిగ్గా వేశారన్నాడు. అది మా నాయన వేయించాడని చెప్పాను.

పెళ్ళి చేసుకోవద్దని ఆయన అనలేదు. కడుపులో ఉండగానే పరీక్ష చేసి చూడొచ్చు, ఇప్పుడు మందులు కూడా కొన్ని వచ్చాయి, ఆలోచించుకోండి అన్నాడు. అర్చన శ్రద్ధగా వింది, బడిలో పిల్ల మాదిరి.

బయటికొచ్చాక ఆటో ఎక్కకుండా నిలబడింది. "అత్తకు నువ్వు చెప్తావా, నేను చెప్పేదా?"

"ఆడి పోనీ పాపా, మంచి నెల కాదు."

"ఆడి పోతే ఆవణి. నిశ్చయం. అప్పుడు చెప్తావా?"

కోకిల కూడా అదే మాట అంటోంది. ఇంట్లో ఇద్దరాడవాళ్ళూ ఒకటైతే మొగవాడికి దిక్కు అంగడే. పొద్దున్నే పోయి పొద్దుపోయాక వస్తున్నాను.

జూలై 26, 27, 28

ఇడ్లీ.

ఆగస్టు 4

అక్క ఫోన్ చేసింది. ధాత్రక్కకు పావడ కొనిందట, పసుపు రంగుది, ఎర్రంచు. నిశ్చయానికి చీర కూడా అప్పుడే చూసొచ్చిందట. చాలా బాగుందన్నాను.

ఆగస్టు 11, ఆదివారం

చెప్పాను.

అందరం తిరుత్తణికి రైల్లో పోయాం. విజయ్‌ను కూడా రమ్మన్నాను. అక్క ఆకు వేసి వడ్డించబోతే, ముందు కూర్చో అక్కా అన్నాను. డాక్టరు చెప్పింది చెప్పాను. నాకుందని, అర్చనకుందని, విజయ్‌కుందని, నీకూ ఉంటుందని. రెండు వైపుల నుంచీ వస్తే పిల్లకు ఏమవుతుందో చెప్పాను. ధాత్రక్క పేరు మాత్రం ఎత్తలేదు. గోడ మీద ఆమె ఫోటో ఇక్కడా ఉంది. దాని వైపు చూపించాను, అంతే.

అరుస్తుందనుకున్నాను. అక్క చేతులు చీరకు తుడుచుకుంది.

"అది మెట్లు ఎక్కలేకపోయేది" అనింది. "నాయన ఎత్తుకొని ఎక్కించేవాడు. చూసినోళ్ళంతా అమ్మవారిని ఎత్తుకొని పోతాండాడు అని దండం పెట్టేవాళ్ళు. నడిస్తే నొప్పి రా దానికి. అందుకని ఎత్తుకునేవాడు."

ఫోటో వైపు ఒకసారి చూసి మళ్ళీ అందుకుంది.

"నేను దాని పక్కలో పడుకునేదాన్ని. నా చెయ్యి తీసుకొని రొమ్ము మీద పెట్టుకునేది. గట్టిగా అదిమి పెట్టు మీనా అనేది. నా బలమంతా పెట్టి అదిమేదాన్ని. చాల్లేదు అనేది. అమ్మకు చెప్తే, దేవతకు నొప్పి ఏంది, యాడా అనొద్దు అనింది. నేను ఎవురికీ చెప్పలే. పోయినంక అందురూ దేవత అంటే నేనూ అన్నా. దేవత అయితే నొప్పి ఉండదు కదా గుర్నాథం. అందుకే నమ్మినా."

నేను చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. అక్క ఏడవలేదు. ఇన్నాళ్ళు ఈ మనిషికి ఏమవుతుందోనని భయపడి నేను దాచింది, ఈ మనిషి తొమ్మిదేళ్ళప్పటి నుంచి మోస్తోంది.

"మీరిద్దురూ ఇష్టపడినారు. చేసుకోవద్దు అని చెప్పేదానికి నేనెవురు" అనింది అర్చనతో. "కానీ మళ్ళా ఇంకో బిడ్డ, అదిమి పెట్టు అంటే, నా చేతుల్లో ఆ బలం లేదు తల్లీ."

అర్చన, విజయ్ మిద్దె మీదికి పోయారు. మేం కింద కూర్చున్నాం. వండిన అన్నం చల్లారిపోయింది. వాళ్ళు దిగి వచ్చేసరికి అర్చన మొహం కడుక్కుని ఉంది. విజయ్ కడుక్కోలేదు.

"పరీక్షలు చేసి చూసుకోవచ్చు అంట అత్తా. ఆ నాలుగోది అయితే కడుపు తీసేయాలి. నాతో కాదు" అనింది అర్చన. "బావతో కూడా కాదంట. వద్దనుకున్నాం."

కోకిల కొంగు నోట్లో పెట్టుకుంది. అక్క లేచి అర్చనను దగ్గరికి తీసుకుంది. విజయ్ ఎక్కడ నిలబడాలో తెలియని వాడిలా తలుపు దగ్గరే ఉండిపోయాడు. నేను పోయి వాడి భుజం మీద చెయ్యి వేశాను. అల్లుడు కాకపోయినా మేనల్లుడు కాకుండా పోడు కదా.

ఆగస్టు 12

నా బిడ్డ పొద్దున రైలుకే పట్టాభిరామ్ పోయింది. సెలవు పెట్టమంటే వినలేదు. మెండెల్ పాఠం ఇంకా మిగిలి ఉందంది.

ఆగస్టు 14

అక్కను డాక్టరు దగ్గరికి పిలుచుకొచ్చాను. ఉంది. విజయ్ కూడా మాత్రలు మొదలుపెట్టాడు. తన భోజనం కాగానే అర్చన వాడికి ఫోన్ చేస్తోంది. "మాత్ర వేసుకున్నావా బావా?" అంటుంది, వింటుంది, పెట్టేస్తుంది. ఇదివరకు ఆ ఫోన్లు గంటసేపు ఉండేవి. ఆ ఒక్క మాట వినడానికి కోకిలా నేనూ తినడం ఆపి కూర్చుంటున్నాం.

ఇది బాధ. దీనికి వేరే పేరు లేదు.

ఆగస్టు 16, ఆడి చివరి శుక్రవారం

ఈ ఏడు చేయాలా వద్దా అని అక్కను అడిగాను. "యాల చేయం? అది మన అక్క కాదా?" అనింది.

పొద్దున రైలుకు వచ్చింది. వాకిట్లో మెట్లు ఎక్కి, కూర్చుని ఊపిరి తీసుకుని, లోపలికి వచ్చింది. ఈసారి వయసు అనలేదు. పసుపు పావడ, ఎర్రంచుది, ఫోటో ముందు పెట్టింది. అర్చన పెరట్లోకి పోయి, నిన్న సాయంత్రం పూసి ఇంకా వాడని చంద్రకాంతలు కోసుకొచ్చింది. మూడు రంగులూ ఉన్నాయి. ఏరకుండా అన్నీ పెట్టింది.

కోకిల ఓళిగలు పళ్ళెంలో సర్ది, ఎప్పటిలాగే నేతి గిన్నె వేడి చేసి తెచ్చింది. పోయబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు కోకిలా" అనింది. "దానికి నెయ్యి పడదు."